బావర్చీఖానా గట్టు మీద ఏ బండ?



ఇల్లు కట్టేటప్పుడు మన ఇళ్లల్లో మష్వరా అంతా దీవాన్‌ఖానా గురించే జరుగుతుంది. మెహమాన్లు కూర్చునే చోట ఏ టైల్స్ వేయాలి, దర్వాజాకి ఏ రంగు కొట్టాలి, పైన ఏ డిజైన్ పెట్టాలి అని. బావర్చీఖానా మాట వచ్చేసరికి మేస్త్రి, “గట్టు కట్టి నల్ల గ్రానైట్ పరిచేద్దాం, అంతేగా” అంటాడు. మగాళ్లు “అంతే” అంటారు. పొద్దున చాయ్ నుంచి రాత్రి గిన్నెలు సర్దేదాకా ఆ గట్టు ముందు నిలబడే ఔరత్‌ని ఎవరూ అడగరు. రమజాన్‌లో అయితే సహరీకి ముందు లేచి నిలబడేది కూడా ఆ గట్టు దగ్గరే.

నంద్యాలలో మా ఇంటికి ఈసారి అడిగారు. అడిగిన పాపానికి మూడు రాళ్ల మీద మూడు రాయ్‌లు తేలాయి. మా సాస్ అమ్మీకి కడప బండ కావాలి. రియాద్ నుంచి వచ్చిన మా దేవర్‌కి తెల్ల క్వార్ట్జ్ పసంద్. నా మనసు గ్రానైట్ మీద ఉంది. ఫైసలా అయ్యేలోపు నేను తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు అమ్మీ మాట. కడప బండ మనకి దగ్గర్లో దొరికేది, సస్తా, మజ్బూత్. అమ్మీ మైకేలో దాని మీదే రొట్టెలు చేసేవాళ్లట. అయితే కడప బండ, బేతంచెర్ల రాయి, తాండూరు, షాబాదు, ఇవన్నీ సున్నపురాయి ఖాందాన్. సున్నపురాయికి దుష్మన్ ఖటాయి. నిమ్మరసం, చింతపులుసు, వెనిగర్, టమాటా ఏది పడినా పాలిష్ పోయి మచ్చ మిగులుతుంది. మన వంట చూడండి: ఖట్టీ దాల్, దాల్చా, బఘారే బైంగన్, గోష్త్‌కి నిమ్మకాయ. ఖటాయి లేని రోజు ఏది? పైగా నూనె పడి వెంటనే తుడవకపోతే లోపలికి పీల్చుకుంటుంది.

సంగ్‌మర్మర్ కూడా ఆ ఖాందానే. మక్రానా సంగ్‌మర్మర్‌తో తాజ్‌మహల్ కట్టారు నిజమే, కానీ తాజ్‌మహల్‌లో ఎవరూ సాలన్ వండరు కదా!

ఇక దేవర్ మాట. క్వార్ట్జ్ అని అమ్మేది గనిలోంచి పలకగా వచ్చే రాయి కాదు. క్వార్ట్జ్ రాయిని పొడి చేసి, రెజిన్ కలిపి, ఒత్తి పలకలు చేస్తారు. అందులో తొంభై శాతం దాకా ఆ పొడే ఉంటుంది. చూడ్డానికి ఖూబ్‌సూరత్. నీళ్లు, నూనె పీల్చదు, నిమ్మరసానికి జంకదు. దాని కమ్‌జోరీ వేడి. రాయి తట్టుకున్నా రెజిన్ తట్టుకోదు. దమ్ మీంచి దించిన బిర్యానీ దేగ్చీని తిన్నగా దాని మీద పెడితే మచ్చ పడొచ్చు, పగులూ రావొచ్చు. ఈద్ నాడు ఇంటినిండా మెహమాన్లు ఉండగా దేగ్చీ కింద గుడ్డ వేశామా లేదా అని ఎవరు చూస్తారు? ధర కూడా మాకు చెప్పినదాంట్లో గ్రానైట్‌కి రెండింతలు. చేతిలో ఉన్న పైసలు చాలవు, ఈఎంఐ పెట్టుకోవాలి, దానికి సూద్ కట్టాలి. గట్టు కోసం సూద్ మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు.

కానీ నేను క్వార్ట్జ్ వద్దనడానికి అసలు సబబ్ పైసలు కాదు, మా మామూ.

మామూ ఇరవై ఏళ్లు రాయి కోత పని చేశారు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. మేం పిల్లలం “మామూ బుడ్డా హో గయే” అని నవ్వేవాళ్లం. నలభై ఐదు దాటాక దగ్గు మొదలైంది. ముందు టీబీ అని మందులిచ్చారు. తగ్గలేదు. తర్వాత వేరే డాక్టర్ ఎక్స్‌రే చూసి సిలికోసిస్ అన్నారు. రాతిలోని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి గాట్లు పెడుతుంది. ఆ గాట్లు మానవు. ఇప్పుడు మామూ నమాజ్ కుర్చీలో కూర్చుని చదువుతారు. సజ్దాకి వంగితే శ్వాస అందదు.

ఈ సిలికా గ్రానైట్‌లోనూ ఉంటుంది, అయితే మామూలుగా సగం కంటే తక్కువే. క్వార్ట్జ్ పలకలో దాదాపు మొత్తం అదే. అందుకే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ రకం పలకల తయారీ, అమ్మకం, బిగింపు అన్నీ బంద్ చేసింది. ఇది చెప్పాక దేవర్ చాలాసేపు ఫోన్ చూస్తూ కూర్చుని, “సరే భాభీ, ఛోడో” అన్నాడు.

అలాగని గ్రానైట్ మాసూమ్ అని నేననను. మామూ కోసింది గ్రానైటే. అందుకే రాయి ఏదన్నదాంతో పాటు ఎలా కోస్తారన్నదీ మాట్లాడుకున్నాం. కోసే పిల్లవాడు మూతికి దస్తీ కట్టుకుని వచ్చాడు. దస్తీ సన్న ధూళిని ఆపదు. మాస్కులు తెప్పించి ఇచ్చాం. నీళ్లు పోస్తూనే కోయమన్నాం. “బురద అవుతుంది, టైం పడుతుంది మేడమ్” అన్నాడు. బురద మేం కడుక్కుంటాం, ఎక్కువ పట్టిన టైంకి కూడా మజ్దూరీ ఇస్తాం అన్నాం. పూట ఎక్కువ పట్టింది, అంతే. పసీనా ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలని మనం పిల్లలకి నేర్పుతాం. ఆ మజ్దూర్ శ్వాస కూడా మన జిమ్మేదారీయే కదా.

గ్రానైట్ కొనేవాళ్లకి కొన్ని మాటలు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ మన ప్రకాశం జిల్లాదే. నల్లటి రాతిలో బంగారు చుక్కలు ఉంటాయి. ఏ రాయైనా ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. నీళ్ల చుక్క వేసి పావుగంట చూడండి. కింద రంగు ముదిరితే రాయి పీలుస్తున్నట్టు, దానికి సీలర్ తప్పదు. నిమ్మరసం వేసి తుడిస్తే మెరుపు పోయిందా, అది అసలు గ్రానైటే కాదు. నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్‌తో రుద్దితే దూదికి నలుపు అంటిందా, రంగు పూసిన రాయి. నల్ల రాతి మీద హల్దీ మచ్చ కనపడదు గానీ మన ఉప్పునీళ్ల తెల్ల మరకలు బాగా కనపడతాయి, పొడిగుడ్డతో తుడవాలి. అతుకులు ఎంత తక్కువుంటే అంత మేలు. బక్రీద్ నాడు ఖుర్బానీ గోష్త్ సర్దేటప్పుడు నెత్తురూ కొవ్వూ దూరేది అతుకుల్లోకే. రాయి మీద తిన్నగా కోయొద్దు, ఛురీ మొద్దుబారుతుంది. చెక్క పలక పెట్టుకోండి.

ఎత్తు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. నిలబడి చెయ్యి మడిచినప్పుడు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి గట్టు ఉండాలి. నా లెక్కకి 34 అంగుళాలు వచ్చింది. అమ్మీ పొట్టి మనిషి, పైగా మోకాళ్ల నొప్పి. “అమ్మీ ఇంక వండేదేముంది, ఆరామ్‌గా కూర్చుంటుంది. నీ ఎత్తుకే కట్టించుకో భాభీ” అన్నాడు దేవర్ ముహబ్బత్‌గానే. అమ్మీ రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఖుర్మాకి ఉల్లిపాయలు తరుగుతూ అంది: “ఆరామ్ అంటే బావర్చీఖానాలోంచి నికాల్ దేనా క్యా బేటీ?”

కిటికీ పక్కన మూడడుగుల మేర గట్టు 28 అంగుళాలకే ఆపించాం. కింద అర పెట్టకుండా ఖాళీగా వదిలాం, కుర్చీ వేసుకుంటే కాళ్లు లోపలికి పోయేలా. ఆ ముక్క మీద మాత్రం కడప బండే వేయించాం. నిమ్మకాయ మచ్చలు పడితే పడనీ, అది ఆమె ఇలాఖా. ఇప్పటికే నాలుగు మచ్చలు పడ్డాయి. ఒక్కటీ తుడవనివ్వదు.

ఇల్లు కడుతున్నవాళ్లు ఉంటే టేపు తీసుకుని ముందు మీ అమ్మీ, బేగం, బహూల మోచేతుల ఎత్తు కొలవండి. బండ ఏదన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు. మా మామూ సెహత్ కోసం దువా చేయండి.