కనుబొమలు తీర్చే ముందు క్రీము సంగతి!

బెంగళూరు నుంచి హైదరాబాదు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే, బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్టు తగులుతుంది. అక్కడ ఎడమకు తిరిగి కాస్త దూరం వెళితే చిలమత్తూరు. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్‌ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే సరిహద్దు ఊరు. పెళ్లి కుదిరిందంటే ఒకరు హిందూపురం బయల్దేరితే, ఇంకొకరు బెంగళూరు బస్సెక్కుతారు.

అదే దారిలో ఇంకాస్త ముందుకెళితే లేపాక్షి. 16వ శతాబ్దపు వీరభద్రాలయంలో తలెత్తి చూస్తే కప్పు నిండా విజయనగర కాలపు చిత్రాలు. ఆడవాళ్ల కొప్పులు, చీర అంచులు, విశాలమైన కళ్లు, వాటిపై తీరైన కనుబొమలు. ఆనాటి చిత్రకారుడు కుంచెతో గీసిన ఆ గీత కోసమే నేటి పెళ్లికూతురు బ్యూటీపార్లర్‌ మెట్లెక్కుతుంది. దారంతో చేసే త్రెడింగ్‌ మన దగ్గర ఎక్కువ. వ్యాక్స్‌తో చేయించుకునేవారూ ఉన్నారు. చిక్కంతా ఈ వ్యాక్స్‌తోనే!

లేపాక్షిలో కొన్ని చిత్రాలు పెచ్చులూడి ఉంటాయి. గోడకు పూత పట్టు తప్పితే రంగూ దాంతోపాటే రాలిపోతుంది. చర్మం సంగతీ అంతే. మొటిమలకు, మచ్చలకు, ముడతలకు రాత్రిపూట రాసుకునే రెటినాల్‌ ‘ఎ’ విటమిన్‌ జాతిది. అది పైపొరలోని మృతకణాల పట్టు సడలిస్తుంది. అలాంటి చర్మానికి వ్యాక్స్‌ అంటించి లాగితే వెంట్రుకతోపాటు పొరా లేచి వస్తుంది. కనురెప్ప దగ్గర చర్మం అసలే పల్చన. ఎర్రటి పుండు మానినా, చామనఛాయ ఒంటిపై నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు.

‘మేం రెటినాల్‌ వాడటం లేదుగా’ అనుకోవద్దు. తెల్లబడతామని మందుల షాపులో కొనుక్కునే కొన్ని మచ్చల క్రీముల్లో స్టెరాయిడ్‌తోపాటు ట్రెటినాయిన్‌ కూడా ఉంటుంది. అదీ రెటినాల్‌ కుటుంబానిదే, ఇంకా ఘాటైనది. స్టెరాయిడ్‌ కూడా చర్మాన్ని పల్చన చేసేదే. కాబట్టి ట్యూబు మీద ట్రెటినాయిన్‌, అడపాలిన్‌, టాజరోటిన్‌ అనే పేర్లున్నాయేమో చూడాలి. ఉంటే వ్యాక్సింగ్‌కు కనీసం వారం ముందే ఆపడం మేలు. డాక్టరు రాసిన మందయితే ఆయన్ని అడిగే ఆపాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్‌ మాత్రలు వేసుకుంటున్నవారు, ఆపి ఆర్నెల్లు కానివారు వ్యాక్స్‌ జోలికే వెళ్లకూడదు.

మరి పెళ్లి దగ్గర పడితే? కత్తెరతో కత్తిరించడం, ప్లకర్‌తో ఒక్కో వెంట్రుకా తీయడం నయం. త్రెడింగ్‌లో పొర లేచే భయం తక్కువే కానీ, చర్మం కందే అవకాశం ఉంది. ఏది చేయించుకున్నా క్రీము సంగతి ముందే బ్యూటీషియన్‌కు చెప్పాలి.

పొరపాటున చర్మం లేస్తే చల్లటి నీళ్లతో మెల్లగా కడిగి, వ్యాజిలిన్‌ పల్చగా రాస్తే చాలు. పసుపు, నిమ్మరసం, టూత్‌పేస్టు వద్దు. మానేదాకా రెటినాల్‌ ముట్టుకోవద్దు, ఎండ తగలనివ్వొద్దు. చీము పట్టినా, కన్ను వాచినా వెంటనే డాక్టరుకు చూపించాలి. ముహూర్తానికి వారం ముందు కాక, రెండు మూడు వారాల ముందే క్రీముల డబ్బా ఓసారి వెతికితే ఈ అవస్థే ఉండదు.