‘న’ నిషిద్ధం!

బందరులోని ఆ గ్రంథాలయంలో అడుగుపెట్టేసరికి ఓ అమ్మాయి గది మధ్యలో నిలబడి ఉంది. అంశం వాన. “వా” అంది. “న నిషిద్ధం!” అని అరిచాడు ఎదుటి కుర్రాడు. వాన అనే దారి మూసుకుపోయింది. అమ్మాయి కాసేపు పైకప్పు వంక చూసి “గు” అంది. వాగు! గదంతా చప్పట్లు.

అష్టావధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకుడు అక్షరమక్షరానికీ అడ్డుపడే నిషిద్ధాక్షరి ఇది. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు పాఠాలు చెప్పిన ఊరు బందరు. ఆయనా, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారూ ఊరూరా సభలు చేసి జనానికి రుచి చూపిన ఈ అవధాన విద్యను ఇక్కడ ఒక విశ్రాంత తెలుగు మాస్టారు వేసవి సెలవుల్లో పిల్లలతో ఆటగా ఆడిస్తున్నారు.

వాన అనగానే చినుకు, చిరుజల్లు, మట్టివాసన అంటాం. అందరి నోళ్లలో నలిగిన మాటలవి. నిషేధం వాటిని పక్కకు నెడితే పిల్ల తనూరి వాగు దాకా వెళ్లింది. “నీకు తోచింది రాయి” అని తెల్లకాగితం చేతికిస్తే బిగుసుకుపోయే పిల్లల్ని చాలామందిని చూశాను. ఇక్కడ ఒక్కరూ బిగుసుకోలేదు.

కాసేపు నిరోష్ఠ్యం ఆడారు. పెదవులు కలిసే ప, ఫ, బ, భ, మ కూడదు. అమ్మ అనకూడదు, తల్లి అనాలి. మరింగంటి సింగరాచార్యుల నిరోష్ఠ్య కావ్యం ‘దశరథరాజనందన చరిత్ర’ పేరును పెదవుల మీద వేలు పెట్టుకుని మరీ పలికి చూశారు.

అసలు సందడి దత్తపదిలో. కారు, పూరి, వడ, టీ. నాలుగూ రావాలి, అర్థాలు మారాలి, వానను వర్ణించాలి. అందరూ కలిసి కుస్తీపట్టి నల్లబల్ల మీద ఆటవెలది నిలబెట్టారు:

కారుమబ్బు కమ్మె కాలువల్ పొంగెను
పూరియింటి కప్పు పోయె నెగిరి
వాన కాదు రాలె వడగళ్లు వాకిట
ఏమిటీ విచిత్ర మీ దినాన

వడగళ్ల దగ్గరే చాలాసేపు ఆగారు. రెండో పాదంలో అన్నీ సూర్యగణాలే, అక్కడ ఆ మాట ఒకే గణంగా ఇమడదు. మూడో పాదంలో నాలుగో గణంగా, సలమై కూర్చుంది. అది యతిస్థానం కనక పాదం ‘వ’తో మొదలైతే యతి కుదురుతుంది. “అయితే ‘వాన కాదు’ అందాం!” అందొక పిల్ల. యతి నియమం ఆ పద్యంలోకి అంత మంచి ఊహను తెచ్చిపెట్టింది.

లేచే ముందు ఒక కుర్రాడు, “మాస్టారూ, ఇప్పుడు మీరే అవధాని. బస్సు, లారీ, రైలు, సైకిలు. శకుంతల అత్తారింటి ప్రయాణం చెప్పండి” అన్నాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, “అవధానంలో ఒక్కో ఆవృత్తికి ఒక్కో పాదమే కదరా. ఇవాళ మొదటిది చెబుతా, మిగతావి రేపు” అన్నారు. పిల్లలు ఒప్పుకోలేదు.