కోడ్ వచ్చింది కదా అని సెన్సర్ మార్చేయకండి

చెక్ ఇంజిన్ లైటు వెలగడం, స్కానర్ పెట్టడం, కోడ్ చూసి వెంటనే ఏదో ఒక సెన్సర్ మార్చేయడం... ఇది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పి0171 సంగతే తీసుకోండి. ‘పి’ అంటే ఇంజిన్, గేర్‌బాక్సుల వైపు సమస్య. పక్కన సున్నా ఉంటే ఏ కంపెనీ బండికైనా అర్థం ఒకటే. 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్. మొత్తమ్మీద పి0171 చెప్పేది, ఇంజిన్‌కి అందే గాలితో పోలిస్తే పెట్రోల్ తక్కువవుతోందని. ఎందుకో చెప్పదు. ఆ కబురు తెచ్చిన ఆక్సిజన్ సెన్సర్‌నే పీకి పారేస్తున్నారు! ఇన్‌టేక్ దగ్గర రబ్బరు గొట్టం పగిలి గాలి పీలుస్తుండొచ్చు, ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కి దుమ్ము పట్టి ఉండొచ్చు, ఫ్యూయల్ పంపు నీరసించి ఉండొచ్చు.

ఇంకోటి. కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చూడమని మెకానిక్‌ని అడగండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం, లోడ్ ఎంతున్నాయో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అందులో దాచి ఉంచుతుంది. ఐడ్లింగ్‌లో పడిందంటే ముందు గాలి లీకును అనుమానించాలి. హైవే మీద వేగంలో పడిందంటే పంపు, ఫిల్టర్ చూడాలి. చెరిపేస్తే ఆ ఆధారమూ పోతుంది.

లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం బండి పక్కకి తీసి ఆపేయండి. మిస్‌ఫైర్ అవుతోందన్నమాట. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది.