వాగు మీద బ్రిడ్జ్ కాదు, పేకముక్కల బ్రిడ్జ్

పోస్ట్ కొంచెం పెద్దదే. హాస్టల్లో తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన చలికాలం నాన్నకి ఫోన్ చేసి "ఆదివారం బ్రిడ్జ్ పోటీకి పోతున్నా" అన్నాను. నాన్న ఒక్క క్షణం ఆగి, "మన వాగు మీద బ్రిడ్జా? శాంక్షన్ అయిందా?" అన్నాడు. మా ఊరు తెలిసినవాళ్ళకి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. వానాకాలం వచ్చిందంటే నాలుగు నెలలు మేం వాగుకి అవతలే. ఆ బ్రిడ్జ్ కాదు నాన్నా, పేకముక్కలతో ఆడే ఆట పేరు బ్రిడ్జ్ అని చెప్పేసరికి అటు పక్క మాట లేదు. ఫోన్ అమ్మ చేతికి పోయింది. ఇక మొదలైంది.

అమ్మ కోపంలో తప్పు లేదు. నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదివేటప్పుడు ఒక వేసవిలో నాన్న తునికాకు డబ్బులు మొత్తం పేకాటలో పోగొట్టాడు. తునికాకు కోసిన వాళ్ళకి తెలుసు అవి ఎలాంటి డబ్బులో. తెల్లారకముందే అడవికి పోయి, ఎండ ముదిరేలోపు తిరిగొచ్చి, యాభై ఆకులు ఒక కట్ట చొప్పున కట్టి కల్లానికి మోయాలి. అమ్మ, నేను, తమ్ముడు అందరం కట్టినవే. మూడు రాత్రుల్లో పోయాయి. ఆ తర్వాత అమ్మ ఇంట్లో ఉన్న పేకముక్కలన్నీ పొయ్యిలో వేసింది. ముక్కలు ముట్టుకున్న చెయ్యి అన్నం గిన్నెలో పెట్టొద్దు అంది. నాన్న మళ్ళీ ఆడలేదు. నేను కూడా ఇంజనీరింగ్ రెండో సంవత్సరం వరకు పేకముక్క ముట్టుకోలేదు.

ముట్టుకునేలా చేసింది మా సీనియర్ అక్క. అక్కది చింతూరు వైపు. మాదీ కోయ ఇల్లే, మాది వాగుకి ఇటు, తెలంగాణ. 2014లో ముంపు మండలాలు అటు కలిసినప్పుడు మా చుట్టాల్లో సగం మంది వేరే రాష్ట్రం వాళ్ళయ్యారు. అక్క కోయ మాటకి, మా కోయ మాటకి కొంచెం తేడా ఉంటుంది. హైదరాబాద్ హాస్టల్లో మాత్రం ఆ తేడా కూడా తీపిగానే ఉంటుంది. మేమిద్దరం కోయలోనే మాట్లాడుకుంటాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

మా కాలేజీలో లెక్కల సార్ ఒకాయన గురువారం సాయంత్రాలు బ్రిడ్జ్ నేర్పేవారు. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటిసారి బ్రిడ్జ్ పెడితే మన దేశానికి ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ బంగారు పతకం తెచ్చారని, అప్పటికి బర్ధన్ గారి వయసు అరవై అని సార్ మొదటి రోజే చెప్పారట. 2023లో హాంగ్‌జౌలో పురుషుల జట్టుకి వెండి వచ్చింది. నాకు పతకాల కంటే ఇంకో మాట బాగా పట్టింది. మధ్యప్రదేశ్ ఖర్గోన్ జిల్లాలో రాయ్‌బిద్‌పురా అని ఒక ఊరుంది. 1960ల్లో అక్కడికి వచ్చిన పశువుల డాక్టర్ ఊరివాళ్ళకి బ్రిడ్జ్ నేర్పితే, రైతులు పొలం పని అయ్యాక చెట్టు కింద కూర్చుని ఆడటం మొదలుపెట్టారు. అక్కడి నుంచి పోటీలకి కూడా వెళ్ళారు. క్లబ్బుల్లో టై కట్టుకున్నవాళ్ళ ఆట అనుకున్నది పొలం గట్టు మీద కూడా నడుస్తుందంటే నాకు ధైర్యం వచ్చింది.

ఆట గురించి కాస్త చెప్తాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్నవాళ్ళు ఒక జంట. తలా 13 ముక్కలు. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక పట్టు, మొత్తం 13 పట్లు. ఆడే ముందు పాట ఉంటుంది, వేలంపాట లాగే. "నాలుగు ఇస్పేట్లు" అంటే ఇస్పేట్ తురుపుగా, ఆరు మీద ఇంకో నాలుగు, అంటే పది పట్లు తెస్తానని మాట ఇచ్చినట్టు. మాట గెలిచిన మనిషి ఆడతాడు, అతని జోడీ ముక్కలన్నీ బల్ల మీద అందరికీ కనపడేలా పరిచి చేతులు కట్టుకు కూర్చోవాలి. చేతి బలానికి లెక్క ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1. దాదాపు 12 ఉంటే పాట మొదలుపెట్టొచ్చు, తక్కువైతే పాస్.

ఇక్కడివరకు పేకాటే. పోటీల్లో ఆడే పద్ధతి వేరు, దాన్ని డూప్లికేట్ అంటారు. నేను ఆడేసిన 13 ముక్కలు మధ్యలో కలపరు. నాలుగు అరలున్న ఒక పలక ఉంటుంది, దాన్ని బోర్డు అంటారు. ఎవరి ముక్కలు వాళ్ళ అరలోనే పెడతారు, బోర్డు పక్క బల్లకి పోతుంది. అక్కడ నా కుర్చీలో కూర్చున్నవాళ్ళకి సరిగ్గా అవే ముక్కలు. సాయంత్రానికి లెక్క వేసేది నీకు మంచి ముక్కలు వచ్చాయా అని కాదు. అవే ముక్కలతో నువ్వేం చేశావు, మిగతావాళ్ళేం చేశారు అని. 13 ముక్కల చెయ్యి 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600 రకాలుగా రావొచ్చు. అందులో నీకేం వచ్చిందన్న ఏడుపు అక్కడ చెల్లదు.

కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన రోజు నుంచి "వీళ్ళకేం, కోటా" అనే మాట వింటూ పెరిగినదాన్ని. ఒకే రకం ముక్కలు పట్టుకున్నవాళ్ళతోనే పోల్చే చోటు ఒకటుందంటే నాకెలా అనిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి. అయితే ఆ బల్ల దగ్గరికి రావడానికే అందరికీ ఒకే ముక్కలు పడవన్నది కూడా నిజమే. దానికి బోర్డు లేదు.

అమ్మకి ఇదంతా చెప్పినా లాభం లేకపోయింది. "పైసలు పెడతారా, పెట్టరా?" అని ఒకటే ప్రశ్న. ప్రవేశ రుసుము ఉంటుంది, పట్టుకో ఇంత అని పందెం ఉండదు అన్నాను. పందెం పెట్టి బ్రిడ్జ్ ఆడేవాళ్ళు లేరని అబద్ధం చెప్పలేను, ఉన్నారు. సుప్రీంకోర్టు సంగతి కూడా చెప్పబోయాను. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అనీ, అందులో అదృష్టం బ్రిడ్జ్‌లో ముక్కలు పంచడంలో ఉండేలాంటిదే అనీ కోర్టు అంది. చెప్తుంటేనే నాకు తెలిసింది, ఇది అమ్మకి చెప్పాల్సిన మాట కాదని. ఆ నైపుణ్యం మాట పట్టుకునే కదా ఫోన్లలోకి రమ్మీ యాప్‌లు వచ్చింది. తెలంగాణ 2017లోనే చట్టం సవరించి డబ్బు పెట్టే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది, అయినా మన హాస్టళ్ళలో స్కాలర్‌షిప్ పడిన వారంలోనే ఖాళీ అయిన తమ్ముళ్ళు నాకు తెలుసు. ఈ పోస్ట్ చదివి ఎవరైనా "అక్క కూడా ఆడుతోందిగా" అని ఆ యాప్‌లు తెరిస్తే ఊరుకోను. చివరికి అమ్మ "నీ ఇష్టం, ముక్కలు మాత్రం ఇంటికి తేవద్దు" అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పొద్దున ఒక క్లబ్‌కి వెళ్ళాం. పేరు వద్దు. బూట్లు తప్పనిసరి అంటే అక్క రూమ్మేట్ బూట్లు నేను వేసుకున్నాను, సైజు పెద్దవి. పదకొండు బల్లలు. మాకు ఉత్తరం, దక్షిణం కుర్చీలు, అంటే మేం కదలం, అటు ఇటు వాళ్ళు రౌండ్‌కో జంట చొప్పున మా దగ్గరికి వస్తారు. రౌండ్‌కి రెండు బోర్డులు. ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్ళు. అమ్మాయిల జంట మేమొక్కటే. పాట నోటితో పాడరు, డబ్బాలో రాసిన కార్డులుంటాయి, అవి తీసి బల్ల మీద పెట్టడమే. గొంతులో తేడాతో జోడీకి సైగ అందకూడదని. హాల్లో ముక్క మీద ముక్క పడే చప్పుడు తప్ప ఏమీ లేదు.

నాలుగో రౌండ్‌లో ఒక పెద్దాయన, ఆయన స్నేహితుడు వచ్చారు. అరల్లోంచి ముక్కలు తీసుకునేటప్పుడు అక్క కోయలో నాతో ఒక మాట అంది. తర్వాత పెద్దాయన పాస్ అన్నాడు, పాట తిరిగి తిరిగి నా నాలుగు ఇస్పేట్ల దగ్గర ఆగింది. అక్క తన ముక్కలు పరిచింది. నాకు పది పట్లు కావాలి. పెద్దాయన నా ఎడమ పక్క. డైమన్ ఆసు, రాజు వేసి రెండు పట్లు తీసుకున్నాడు. తర్వాత కళావర్ ఆసు కూడా ఆయనదే. మూడు పోయాయి, ఇంకొకటి పోతే మాట తప్పినట్టే. ఇక మిగిలింది ఆఠీన్ రాణి. నా దగ్గర ఆసు, జాకీ. అక్క చేతిలో రాజు, పది. రాణి ఎడమ పక్క ఉంటే ఒకలా ఆడాలి, కుడి పక్క ఉంటే ఇంకోలా. తప్పుగా ఆడితే పోయినట్టే.

లెక్క పెట్టాను. డైమన్ ఆసు 4, రాజు 3, కళావర్ ఆసు 4. మొత్తం 11. రాణి కూడా ఆయన దగ్గరే ఉంటే 13. 13 ఉన్నవాడు పాట మొదలుపెట్టకుండా పాస్ అంటాడా? కాబట్టి రాణి కుడి పక్కే. అక్క చేతి నుంచి చిన్న ఆఠీన్ వేయించి, కుడి పక్క ఆయన చిన్నది వేయగానే నా జాకీ పెట్టాను. పట్టింది.

పెద్దాయన ముక్కలు బల్ల మీద పెట్టేసి చెయ్యెత్తి డైరెక్టర్‌ని పిలిచాడు. డైరెక్టర్ అంటే ఈ ఆటలో రిఫరీ. "ఈ పిల్లలు వాళ్ళ భాషలో ఏదో చెప్పుకుంటున్నారు. అది చెప్పాకే ఈమెకి రాణి ఎక్కడుందో తెలిసింది" అన్నాడు. వాళ్ళ భాష అనే మాట ఆయన ఎలా అన్నాడో ఇక్కడ రాయలేను. హాలంతా ఇటు తిరిగింది. పెద్ద బూట్లలో నా కాళ్ళు చెమట పట్టాయి.

"ఏమన్నావమ్మా?" అని డైరెక్టర్ అక్కని అడిగాడు. అక్క లేచి నిలబడి, "దాహంగా ఉంది, నీళ్ళ సీసా ఇటివ్వు అన్నాను సార్" అంది. సీసా ఇంకా తన కుర్చీ పక్కనే ఉంది. తర్వాత నా వంతు. ఎందుకు అలా ఆడావు అంటే వేళ్ళ మీద లెక్క చెప్పాను, 4, 3, 4, 11. "మీరు మొదట పాస్ అన్నారు కదా సార్" అని పెద్దాయన వైపు చూసి అన్నాను. ఆయన మాట్లాడలేదు. ఆయన జోడీయే, రాణి పట్టుకున్నాయన, చిన్నగా నవ్వి "కరెక్టేరా" అన్నాడు.

డైరెక్టర్ మా ఫలితం అలాగే ఉంచాడు. ఉంచి, "బల్ల దగ్గర అందరికీ తెలిసిన భాషలోనే మాట్లాడండి" అన్నాడు. అప్పుడు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే, అది తప్పుడు మాట కాదు. ఈ ఆటలో జోడీకి రహస్యం ఉండకూడదు. మీ పాటకి అర్థం ఏమిటో ఎదుటివాళ్ళు అడిగితే చెప్పి తీరాలి. జోడీతో మాట్లాడే దారి పాట, ముక్క, ఈ రెండే. అయితే దొంగాటకి మా భాష అవసరం లేదని కూడా ఆ పెద్దాయనకి తెలిసే ఉండాలి. 1965లో బ్యూనస్ ఎయిర్స్ ప్రపంచ పోటీల్లో రీస్, షపీరో అనే ఇంగ్లీషు వాళ్ళ మీద ముక్కలు పట్టుకున్న వేళ్ళతో సైగలు చేశారని ఆరోపణ వచ్చింది. ప్రపంచ సమాఖ్య తప్పు చేశారంది, ఇంగ్లండ్‌లో జరిగిన విచారణ చేయలేదంది. 2015లో బయటపడిన ఇజ్రాయెల్ జంట ఫిషర్, ష్వార్ట్జ్ అయితే ఒక్క మాట మాట్లాడలేదు. పాట అయ్యాక బోర్డు బల్ల మీద ఎక్కడ పెట్టారన్నదే వాళ్ళ భాష. వీడియోలు మళ్ళీ మళ్ళీ చూసి తోటి ఆటగాళ్ళే పట్టుకున్నారు.

రెండు రౌండ్ల తర్వాత ఒక భార్యాభర్తలు వచ్చారు. ముక్కలు తీస్తూ ఇద్దరూ బెంగాలీలో ఏదో అనుకున్నారు. అక్క నెమ్మదిగా చెయ్యెత్తింది. నేను కాలు తొక్కాను, వినలేదు. డైరెక్టర్ వచ్చాక, "సార్, ఇందాక మాకు చెప్పిన రూల్ అందరికీనా, మాకేనా? తెలుసుకుందామని" అంది. గొంతు పెంచలేదు. ఆయన కాసేపు నిలబడి, వెనక్కి నడిచి, మైకు తీసుకుని హాలంతటికీ అదే మాట చెప్పాడు. ఆ బెంగాలీ ఆంటీ మాత్రం పాపం ఏమీ అనుకోలేదు. "మందులేసుకున్నావా అని అడిగానమ్మా" అని నవ్వి, టీ టైంలో మాకు బిస్కెట్లు తెచ్చిచ్చింది. నాకు ఆమె ముందు సిగ్గేసింది. అక్కకి వేయలేదు. దీని మీద మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటాం.

మా వరసలో 11 జంటల్లో మేం ఏడో స్థానం, 48.6 శాతం. ఆ బోర్డు మీద నాలుగు ఇస్పేట్లు తొమ్మిది బల్లల్లో ఆడితే నలుగురికే పది పట్లు వచ్చాయి. ఆ కాగితం ఇప్పటికీ నా రికార్డు బుక్కులో ఉంది. మిగతా బోర్డుల్లో చేసిన తప్పుల కాగితం కూడా ఉంది, అది ఇంకా పొడుగు.

వేసవికి ఊరికి పోతే ముక్కలు సంచిలోనే ఉంచాను. మూడో రోజు నాన్న తునికాకు కల్లం నుంచి వచ్చి, అమ్మ లేని టైం చూసి, "ఆ రాణి సంగతి మళ్ళీ చెప్పు" అన్నాడు. ఇంట్లో కాదు కదా అని ఇప్పచెట్టు కింద పరిచాను. 4, 3, 4 అనగానే, నేను పూర్తి చేయకముందే, "పాస్ అన్నాడుగా, కుడి పక్క" అన్నాడు. తల ఎత్తితే నీళ్ళ బిందెతో అమ్మ నిలబడి ఉంది. ఏమీ అనలేదు. బిందె దించకుండా అలాగే నిలబడి, "ఆ నాలుగో మనిషి ముక్కలు అందరికీ చూపించి ఖాళీగా కూర్చుంటాడా? వాడికేం పని?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే లోపలికి పోయింది.

అక్కకి ఉద్యోగం వచ్చి చెన్నై వెళ్ళిపోయింది. హాస్టల్లో ఇప్పుడు ముగ్గురం ఉన్నాం, గురువారం సాయంత్రం ఆరింటికి మెస్ వెనక గదిలో. నాలుగో మనిషి కావాలి. ఆట రాకపోయినా పర్లేదు, లెక్క పెట్టడం వస్తే చాలు. పందెం ఉండదు.