నిప్పు లేనిదే పొగ రాదా?

జనవరిలో ఒక సాయంత్రం మా అబ్బాయి జాకెట్ హ్యాంగర్‌కి తగిలిస్తుంటే గుప్పున సిగరెట్ వాసన వచ్చింది. వాడికి పదహారేళ్ళు. "నేను తాగలేదు నాన్నా" అన్నాడు. "నిప్పు లేనిదే పొగ రాదురా" అన్నాను, అచ్చం మా నాన్నగారి గొంతుతో. వాడు మేడమీదికి పోయి తలుపేసుకున్నాడు. రెండు వారాలు మా మధ్య "ఊ", "ఊహూ" తప్ప మాటల్లేవు.

ఆ రోజుల్లోనే తెలుగు బడి పిల్లలకి చెబుదామని హ్యూయెన్‌త్సాంగ్ యాత్రల గురించి చదువుతున్నాను. 7వ శతాబ్దంలో ఆయన వేంగికి, అంటే మన ఏలూరు పక్కనున్న పెదవేగి ప్రాంతానికి వచ్చాడు. అక్కడికి దగ్గర్లో ఒక కొండమీద దిఙ్నాగుడు తర్కగ్రంథం రచించాడని రాసుకున్నాడు. ఏలూరులో చదువుకున్న నాకు ఈ సంగతి యాభై దాటేదాకా తెలీదు!

ఈ దిఙ్నాగుడు కంచి ప్రాంతంవాడంటారు. 5, 6 శతాబ్దాల నాటి బౌద్ధ పండితుడు. కొండమీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది అన్నామనుకోండి, ఆయన మూడు ప్రశ్నలు వేస్తాడు. పొగ నిజంగా ఆ కొండమీదే ఉందా? నిప్పున్న చోట, వంటింట్లోలాగా, పొగ చూశావా? నిప్పు లేని చోట, చెరువులోలాగా, పొగ ఎక్కడా ఉండదని చెప్పగలవా? అసలు చిక్కంతా ఈ మూడోదానితోనే. కారణం చూపడంలో ఎన్ని రకాలున్నాయో తొమ్మిది గళ్ళలో పేర్చి 'హేతుచక్రం' అన్నాడు. నిలబడేవి రెండే. రెండు మనమీదికే తిరగబడతాయి. మిగతా ఐదూ ఎటూ తేలవు.

నా వాదన ఏ గడిలో పడుతుందో చూసుకున్నాను. సిగరెట్ తాగేవాళ్ళ బట్టలు వాసనొస్తాయి, నిజమే. తాగనివాళ్ళవి? కాలేజీ రోజుల్లో బస్సు దిగి ఇంటికొస్తే నా చొక్కా ఎలా ఉండేది? ఆ ఎటూ తేలని ఐదింట్లో పడ్డాను.

మేడెక్కి వాణ్ణి అడిగాను. ఎదురింటి ముసలాయన ఒంటరివాడు. ఆయన వాకిట్లో మంచు తీయడానికి వెళ్ళి, లోపల కూర్చుని ఆయనతో ఫుట్‌బాల్ చూస్తున్నాట్ట. ఆయన ఒకదాని తర్వాత ఒకటి కాలుస్తూనే ఉంటాడట.

"ముందే చెప్పొచ్చు కదరా?"

"నువ్వు అడగలేదు నాన్నా. చెప్పేశావు" అన్నాడు, వచ్చీరాని తెలుగులో.

సారీ చెప్పాను. మా నాన్నగారు నాకెప్పుడూ చెప్పలేదు, అందుకే కాస్త నోరు తిరగలేదు.

ఆ తర్వాతి ఆదివారం ముసలాయన నన్నూ రమ్మన్నాడు. ఆట మొత్తం చూసి ఇంటికొచ్చాను. మా ఆవిడ నా స్వెటర్ అందుకుని, వాసన చూసి, ఏమీ అనకుండా నా వైపు చూసింది.