అబ్బా కళ్ళు, నా టెస్టింగ్

2018 చివర్లో నాకో కొత్త షౌక్ పట్టుకుంది. ఫైర్‌ఫాక్స్ అందరికీ చేరకముందే వచ్చే 'నైట్లీ' అనే కచ్చా వెర్షన్‌ని వాడటం. రోజూ అప్‌డేటే. అందులో వెబ్‌రెండర్ అని కొత్త ఫీచర్ తయారవుతోంది. వెబ్ పేజీని తెరమీద గీసే మెహనత్‌లో చాలా భాగం ప్రాసెసర్ నెత్తిమీంచి దించి, గ్రాఫిక్స్ చిప్‌కి అప్పజెప్పడం దాని మక్సద్. వీడియో గేముల్లో బొమ్మలు కదిలించినట్టే పేజీనీ కదిలిస్తుందన్నమాట. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి దొరికే టైము 16 మిల్లీసెకన్ల పైచిలుకు. అంతలో పని కాకపోతే పేజీ తడబడుతుంది.

నా కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఉంది. అక్కడితో ఆగాల్సింది.

అబ్బా రిటైరయిన ఉర్దూ టీచరు. మోతియాబింద్ ఆపరేషన్ అయ్యాక అఖ్బార్‌ని పాత లాప్‌టాప్‌లో అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని చదువుతారు. కిందికి జరిపితే పేజీ ఈడ్చుకుంటూ వచ్చేది. నస్తాలీఖ్ రాత మామూలు నాజూకుదా! పక్కన ఏ అక్షరం వస్తుందో చూసుకుని ప్రతి అక్షరం రూపు మార్చుకుంటుంది. ఆ రూపులు తేల్చేది ఇప్పటికీ ప్రాసెసరే, గ్రాఫిక్స్ చిప్ కాదు. కానీ ఒకసారి తయారైన అక్షరాన్ని చిప్ మెమరీలో దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. కాబట్టి ఫాయిదా ఉంటుందనిపించింది. ఆయన ఇజాజత్ అడక్కుండానే సెట్టింగుల్లోకి వెళ్ళి బలవంతంగా ఆన్ చేశాను. పేజీ నూనె రాసినట్టు జారింది. నా ఖుషీకి హద్దుల్లేవు.

నాలుగో రోజు అమ్మీ వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "మీ అబ్బా రెండ్రోజుల్నించి అఖ్బార్ తెరవట్లేదు రా."

వెళ్ళి అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అక్షరాల మధ్య నల్లటి చుక్కలు కనపడుతున్నాయి బేటా. ఆపరేషన్ ఖరాబయిందేమో. మళ్ళీ నీకు ఖర్చెందుకని చెప్పలేదు."

లాప్‌టాప్ తెరిచి చూశాను. నల్ల చదరాలు నాకూ కనపడ్డాయి.

"అబ్బా, మీ కళ్ళు సలామత్‌గా ఉన్నాయి. చేసింది నేను." షర్మ్‌తో తలెత్తలేకపోయాను.

ఖసూర్ మొత్తం నాదే. ఆ గ్రాఫిక్స్ చిప్ డ్రైవర్ ఏళ్ళ నాటిది. దానిలో ఈ ఫీచర్ తనంతట తాను ఆన్ కాకుండా ఉంచింది ఊరికే కాదు. 2019 మేలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67లో కూడా ముందు విండోస్ 10, ఎన్‌విడియా కార్డు ఉన్న కొందరికే ఇచ్చారు. వాళ్ళకున్న సబర్ నాకు లేకపోయింది.

సెట్టింగ్ వెనక్కి తిప్పేశాక, ఆయన పక్కనే కూర్చుని బగ్ రిపోర్టు రాశాను. చిప్ పేరు, డ్రైవర్ వెర్షన్, తెర ఫొటో, ఏం చేస్తే చదరాలు వస్తున్నాయో వరసగా. ప్రతి లైనుకీ అర్థం చెప్పించుకున్నారు. టీచరు కదా, నేను 'కొన్నిసార్లు' అని రాస్తే ఒప్పుకోలేదు. "కొన్నిసార్లు అంటే ఎన్నిసార్లు? లెక్కపెట్టి రాయి."

పదిసార్లు తెరిచి చూశాం. ఏడుసార్లు వచ్చాయి.

ఇప్పటికీ ఆయన లాప్‌టాప్ దగ్గర నేను కూర్చుంటే చాలు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చి అడుగుతారు. "ఈ రోజు ఇమ్తిహాన్ మెషీన్‌కా, నాకా?"