మడి కట్టుకున్న మాటలు

తాళపత్రాలు రాసినవాళ్ళకి మాటకీ మాటకీ మధ్య ఎడం వదిలే అలవాటు లేదు. ఆకు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అక్షరాలు బారులు తీరి ఉంటాయి. ఎక్కడ విరవాలో చదివేవాడే చూసుకోవాలి. 'నీకుమారుడు' అని కనిపిస్తే 'నీ కుమారుడు' అనుకుంటాం గానీ 'నీకు మారుడు' అనుకోం గదా! నోటిమాటా అంతే. "రేపొస్తానని చెప్పమన్నాడని చెప్పింది" అంటే ఒకదాన్లో ఒకటి దూరిన కొటేషన్లు. ఏ గుర్తూ లేకుండానే వంటింట్లో అందరికీ అర్థమవుతుంది.

యూనిక్సు కంప్యూటర్లలో షెల్ అని ఒక గుమాస్తా ఉన్నాడు. మనం టైపు కొట్టిన హుకుం అందుకుని నెరవేర్చడం ఆయన ఉద్యోగం. స్టీఫెన్ బోర్న్ బెల్ ల్యాబ్స్‌లో రాసిన షెల్ 1979లో వచ్చింది. ఇవాళ్టి బాష్ దాని వారసుడే. ఈ గుమాస్తాకి అర్థంతో నిమిత్తం లేదు. ఎడం కనబడిందా, మాట తెంపేస్తాడు. పది ఎడాలున్నా ఒక్కటిగానే లెక్క. తెంపొద్దూ అంటే కొటేషన్లు పెట్టాలి.

వాటిలోనూ తరతమాలున్నాయండోయ్. ఒంటి కొటేషనుది మా బామ్మ మడి. లోపలున్నది ఉన్నట్టే ఉండాలి, డాలరు గుర్తయినా సరే, కదలకూడదు. జంట కొటేషనుది మా అత్తయ్య మడి. ఎడాల్ని భద్రంగా కాపాడుతుంది గానీ, డాలరు పెట్టిన పేరు మాత్రం చనువుగా తన విలువ విప్పుకోవచ్చు.

2011లో బంబుల్‌బీ అనే లినక్సు సాఫ్టువేరు స్క్రిప్టులో 'యుఎస్ఆర్' తర్వాత ఒక్క ఎడం జారిపడింది. పెట్టుకున్నవాళ్ళ కంప్యూటర్లలో ఆ డైరెక్టరీ యావత్తూ తుడిచిపెట్టుకుపోయింది.

మా ఇంట్లో కంప్యూటరు మేనల్లుడు అమర్చిన లినక్సుది. అందులో 'అమ్మ' అనే ఫోల్డరులో మా అమ్మ పాడిన దంపుళ్ళ పాటలున్నాయి. ఇప్పుడు ఆవిడా లేదు, బూజు పట్టిన ఆ క్యాసెట్లూ లేవు. పక్కనే 'అమ్మ పాత', గరగరలాడే తొలి కాపీలు. అది తీసేయరా అన్నాను. వాడు 'ఆర్ఎమ్ -ఆర్' కొట్టి ఆగాడు.

"మావయ్యా, ఇప్పుడు కొటేషన్లు పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా? 'అమ్మ' ఒకటీ 'పాత' ఒకటీ అనుకుంటుంది. 'పాత' దొరకలేదని గొణుగుతుంది. అప్పటికే అమ్మని చెరిపేసి ఉంటుంది. చెత్తబుట్టలోనూ మిగలదు."

నా గుండె ఝల్లుమంది. వాడు నింపాదిగా అటొకటి ఇటొకటి కొటేషన్లు పెట్టి ఎంటర్ నొక్కాడు.

ఊరెళ్ళే ముందు వాడిచేత ఇంకో పని చేయించాను. ఇప్పుడా ఫోల్డరు పేరు 'అమ్మపాటలు'. ఎడం లేదు, తాళపత్రం పద్ధతే.